కంప్యూటరు కట్టిన కరెంటు బిల్లు

ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటరు ఉందంటే అది ఏం చేస్తుందని ఎవరూ అడిగేవారు కాదు. ఉంది, అంతే. దాని మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పేవాళ్లం, దాని ముందుకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. (ఎందుకు విప్పాలో నాకు నేర్పినవాళ్లు నాకు చెప్పలేదు. నేను నేర్పిన పిల్లలకి నేనూ చెప్పలేదు.) రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను తాడేపల్లిగూడెంలో ఒక కంప్యూటరు సెంటరులో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. కింద ఉల్లిపాయల గోడౌను, మేడమీద మేము. జీతం గురించి చెప్పుకోకపోవడమే మంచిది గానీ, గర్వం మాత్రం గోడౌనులో పట్టనంత ఉండేది. మౌసు పట్టుకోవడం రానివాళ్లని చూస్తే నాకు జాలి కలిగేది. మా నాన్నని చూసినా కలిగేది.

మా ఊరు కొల్లేటి అంచున ఉంటుంది. అక్కడి నుంచి రోజూ గూడెం వెళ్లి రావడం కష్టమని నన్ను ఏలూరులో మా అత్తయ్య ఇంట్లో పెట్టారు. అత్తయ్య అంటే మా నాన్నకి అక్క. మిషను స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు టైంటేబులు టీచరుగారు. ఆ పేరు ఆవిడకి తెలుసు, అందులో తప్పేమీ కనిపించలేదు కూడా. వంట ఒక పీరియడు, ప్రార్థన ఒక పీరియడు, పేపరు చదవడం ఒక పీరియడు. పీరియడు మధ్యలో ఎవరైనా పలకరిస్తే కళ్లజోడు మీంచి చూసేది. ఆ చూపుకి ఏలూరులో సగంమంది ప్లీడర్లూ, గుమాస్తాలూ, ఆటోవాళ్లూ ఒకప్పుడు నోరు మూసుకుని కూర్చున్నవాళ్లే. నాకు ఆవిడంటే భయం కన్నా అబ్బురం ఎక్కువగా ఉండేది. పొద్దున నేను పాసింజరు అందుకోవడానికి పరుగెత్తుతుంటే టిఫిను డబ్బా చేతికిచ్చి, "రైలు లేటుగా వస్తుందని నువ్వు లేటుగా వెళ్లకూడదమ్మా. అది దాని క్రమశిక్షణ, ఇది నీ క్రమశిక్షణ" అనేది.

అంతటి మనిషి జీవితంలో ఒక్క బిల్లు కూడా కట్టి ఎరగదు. అవన్నీ మావయ్య చూసుకునేవాడు. మోపెడ్డు మీద వెళ్లి, కరెంటాఫీసులో ఒకరితో, టెలిఫోనాఫీసులో ఇంకొకరితో లోకాభిరామాయణం మాట్లాడి, బిల్లు కట్టి, మధ్యాహ్నం భోజనానికి వచ్చేవాడు. నేను ఆవిడ దగ్గరికి రాకముందే ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక, దుఃఖంలో ఉన్న ఆవిడకి బిల్లుల సంగతే గుర్తు రాలేదు. లైన్‌మేను వచ్చి ఫ్యూజు పీకేశాడు. సరిగ్గా అప్పుడే మా నాన్న చూడ్డానికి వెళ్లి, చీకట్లో కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్న అక్కని చూసి గొల్లుమన్నాడు.

"ఒక్కదానివీ ఈ ఊళ్లో ఎందుకక్కా? మనూరొచ్చెయ్. నేను లేనా?" అన్నాడు.

"ఒక్కసారి మర్చిపోయానురా తమ్ముడూ. మళ్లీ జరగదు."

"జరిగితే?"

"జరిగితే నీతో వచ్చేస్తాను. మాటంటే మాటే" అంది అత్తయ్య.

ఆ మాట విలువ నాన్నకి పూర్తిగా తెలియదనుకుంటాను. అత్తయ్యావాళ్లకి పిల్లల్లేరు. ఆ రెండు గదుల ఇల్లు ఆవిడా మావయ్యా ఇద్దరి జీతాలూ కలిపి కట్టుకున్నది. సాయంత్రం చర్చిలో పాడే పాటలు నేర్చుకోవడానికి ఆడపిల్లలు ఆవిడ వరండాలోకే వచ్చేవాళ్లు. నాన్న దగ్గర ఆవిడకి దేనికీ లోటుండదు. నాన్నకి అక్కంటే ప్రాణం. కానీ అక్కడ ఆవిడ తమ్ముడింట్లో ఉన్న అక్క అవుతుంది. ఇక్కడ తన ఇంట్లో తనుంది. ఆ తేడా ఇరవై రెండేళ్ల నాకు కూడా అర్థమైంది. అందుకే నా విద్యనంతటినీ ఆ ఇంటిని కాపాడటానికి వినియోగించాలని నిశ్చయించుకున్నాను.

కంప్యూటరు కొందామంటే అత్తయ్య వెంటనే ఒప్పుకుంది. రిటైర్మెంటు డబ్బులోంచి కొంత తీసి, విడిభాగాలు కొని బిగించిన ఒక కంప్యూటరు తెప్పించింది. దాంతోపాటు షాపు కుర్రాడు నాలుగు సీడీలు ఉచితంగా ఇచ్చాడు. (అవి ఎక్కడివని మేము అడగలేదు, అతనూ చెప్పలేదు.) అందులో ఒకటి ఇంటి జమాఖర్చులు చూసే సాఫ్ట్‌వేరు. బ్యాంకులో ఎంత ఉందో రాసి, ఏ బిల్లు ఏ తేదీన కట్టాలో ఒకసారి చెబితే చాలు, ఆ రోజు పొద్దున్నే టింగుమని గంట కొట్టి గుర్తు చేస్తుంది. అత్తయ్య ఆ తెర దగ్గరికి వంగి చూసింది. నెల మొత్తం గళ్లుగళ్లుగా, ఒక్కో గడిలో ఒక్కో బిల్లు. "ఇది టైంటేబులే కదమ్మా!" అంది. నాకు ఆ క్షణాన ఆ సాఫ్ట్‌వేరు నేనే కనిపెట్టినంత గొప్పగా అనిపించింది.

అది అమెరికావాళ్లు తయారుచేసింది. కాబట్టి అన్ని అంకెలకీ ముందు డాలరు గుర్తే. ఖర్చుల పట్టికలో పచ్చిక కత్తిరించడం, కుక్కకి క్షౌరం, మంచు ఊడ్చడం లాంటివి ముందే రాసి ఉన్నాయి. అత్తయ్య ఒక్కొక్కటీ చదివి, "కుక్కకి క్షౌరం కూడా తేదీ పెట్టుకుని చేయిస్తారన్నమాట. ఎంత పద్ధతైన మనుషులు!" అని మెచ్చుకుంది. పాలూ పేపరూ లాంటివి ఇంటికొచ్చి తీసుకునేవాళ్లవి, వాటితో కంప్యూటరుకి పనిలేదు. బయటికెళ్లి కట్టాల్సిన మూడింటినీ దానికి అప్పజెప్పాం: కరెంటు, ఫోను, కుళాయి పన్ను. చివర్లో అది ఒక ప్రశ్న అడిగింది. గడువు రోజున దానంతట అదే ఖర్చు రాసేసుకోవాలా, లేక మనల్ని అడిగి రాయాలా అని. పెద్దావిణ్ణి ప్రతిసారీ ఎందుకు శ్రమపెట్టడమని, దానంతట అదే రాసేసుకోమని టిక్కు పెట్టాను. "ఇంక మీరు నిశ్చింతగా ఉండండి అత్తయ్యా. అన్నీ కంప్యూటరే చూసుకుంటుంది" అన్నాను.

ఆ మాట నేను బాధ్యతగానే అన్నాను. ఆవిడ అంతకన్నా బాధ్యతగా విన్నది.

తర్వాత కొన్ని నెలలు ఆ ఇంట్లో సాగినంత సుఖమైన పరిపాలన నేనింకెక్కడా చూడలేదు. గడువు రోజున గంట మోగేది. అత్తయ్య చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేది. తెరమీద కరెంటు బిల్లు పక్కన పచ్చటి టిక్కు పడేది, బ్యాంకు నిల్వ ఆ మేరకు తగ్గేది. "అయిపోయిందమ్మా" అని లేచేది. సాయంత్రం నేను వచ్చి ఆ టిక్కు చూసి, పొద్దున్నే వెళ్లి కట్టేసి వచ్చిందే, ఏం చురుకు అనుకునేదాన్ని. ఆవిడేమో టెలిఫోను తీగ గోడలోంచి వచ్చి కంప్యూటరు వెనక దూరడం కళ్లారా చూసింది కదా, డబ్బు అందులోంచే వెళ్తోందనుకునేది. ఇద్దరం ఒకరినొకరం మెచ్చుకుంటూ గడిపేశాం. కొత్త బిల్లుల మీద పాత బాకీ అని వచ్చింది. "ఈ ఆఫీసులవాళ్లు ఎప్పుడూ వెనకబడే ఉంటారు. కంప్యూటరంత వేగం వాళ్లకెక్కడిదీ!" అని ఆవిడ వాటిని జాగ్రత్తగా క్లిప్పు పెట్టి దాచింది.

ఒకసారి పాసుపుస్తకంలో ఎంట్రీలు వేయించుకొచ్చి కంప్యూటరుతో సరిచూసింది. బ్యాంకులో డబ్బు ఎక్కువుంది. మళ్లీ కూడింది. మళ్లీ ఎక్కువే. మామూలు మనిషైతే ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి దేవుడికి దణ్ణం పెట్టుకునేవాడు. అత్తయ్య అన్నం సరిగ్గా తినలేదు. "నాది కాని డబ్బు నా ఖాతాలో ఉందమ్మా. పాపం ఏ గుమాస్తా చేతినుంచి పొరపాటున పడిందో. అతని ఉద్యోగం పోతే?" అంది. మర్నాడు మా సెంటరుకి సెలవు. నన్ను వెంటబెట్టుకుని, తెల్లచీర కట్టుకుని, కంప్యూటరు లెక్కలు అచ్చుతీసి పట్టుకుని బ్యాంకుకి బయల్దేరింది.

లోపల ఆఫీసరు ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడ్డాడు. ఆయన కూడా ఒకప్పుడు ఆవిడ క్లాసులో గోడకుర్చీ వేసినవాడే. "రండి టీచరుగారూ, కూర్చోండి. ఏంటండీ ఇలా వచ్చారు?" అన్నాడు.

"బాబూ, మీరు నా ఖాతాలో ఎక్కువ వేశారు. తీసేసుకోండి."

ఆయన మొహం చూడాలి. "టీచరుగారూ, తక్కువేశారని మా మీదకి వచ్చేవాళ్లే గానీ ఎక్కువైందని వచ్చినవాళ్లని నా సర్వీసులో చూళ్లేదండి" అన్నాడు. అత్తయ్య కాగితం తీసి బల్లమీద పెట్టింది. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "ఇవన్నీ డాలర్లాండీ?"

"రూపాయలే బాబూ. కంప్యూటరుది అమెరికా పద్ధతి."

ఆయన పాసుపుస్తకం పక్కన పెట్టుకుని వేలుతో ఒక్కొక్క వరసా చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. "ఈ కరెంటు బిల్లు ఎవరు కట్టారండీ?"

"కంప్యూటరు కట్టింది."

"ఎవరికి కట్టిందండీ?"

అత్తయ్య నా వైపు తిరిగింది. ఆఫీసరు నా వైపు తిరిగాడు. పక్క కౌంటరులో డబ్బు లెక్కపెడుతున్నాయన లెక్క ఆపి నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. "మీరు కడుతున్నారనుకున్నాను అత్తయ్యా" అన్నాను చాలా చిన్న గొంతుతో. కళ్లజోడు మీంచి ఆ చూపు నా మీద పడింది. అయితే తిట్టలేదు. "పద, వెళ్లి కట్టేద్దాం. బిల్లులు ఇంట్లో ఉన్నాయి" అని లేచింది.

రిక్షా మా వీధి మలుపు తిరిగేసరికి గేటు దగ్గర లైన్‌మేను నిచ్చెన దించుతున్నాడు. అతని చేతిలో మా ఫ్యూజు ఉంది. వరండాలో బెంచీ మీద, కాళ్ల దగ్గర నీళ్ల డబ్బాలో బతికున్న కొర్రమేనులు పెట్టుకుని, మా నాన్న ఉన్నాడు. ఎరువుల కోసం ఏలూరొచ్చి, అక్కకి చేపలిచ్చి పోదామని ఆగాడట. లైన్‌మేను పని చూసుకుని సైకిలెక్కి వెళ్లిపోయాడు. నాన్న ఇంకా విషయం పూర్తిగా గ్రహించినట్టు లేదు. నా బుర్ర ఒక్కసారి చురుగ్గా పనిచేసింది.

"ఏరియా మొత్తం పోయింది నాన్నా. లైను బాగుచేస్తున్నారు" అన్నాను. ఆ రోజుల్లో ఎవరైనా నమ్మే మాటే అది. నాన్న తల కూడా ఊపాడు. అక్కడితో ఇల్లు దక్కేదే.

"అబద్ధం చెప్పకమ్మా" అంది అత్తయ్య. "ఫ్యూజు పీకారురా తమ్ముడూ. మన ఒక్క ఇంటిదే. బిల్లు కట్టలేదు. ఐదు నిమిషాలు కూర్చో, బట్టలు సర్దుకుంటాను."

నేను ఏడ్చేశాను. నాన్న కంగారుపడ్డాడు. గెలిచింది ఆయనే, కానీ గెలిచిన మొహం కాదది. "అంత తొందరేం లేదులే అక్కా, కట్టేస్తే మళ్లీ ఇస్తారు కదా" అని నసిగాడు. ఆవిడ వినలేదు. పెట్టె సర్దింది, పాటల పుస్తకం పైన పెట్టింది, వరండాలోకి వచ్చే ఆడపిల్లలకి చెప్పమని పక్కింటావిడకి తాళం చెవి ఇచ్చింది. దారిలో ఫోనుదీ కుళాయిదీ కట్టేసి, కరెంటాఫీసు దగ్గర ఆగి, వరసలో నిలబడి మొత్తం బాకీ కట్టింది. "ఖాళీ ఇల్లయినా బాకీతో వదలకూడదు" అంది. అలాంటి మనిషిని నేను ఆ రోజుకి ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. అబద్ధం నాది, నష్టం ఆవిడది, అయినా ఆ వరసలో ఆవిడ తలెత్తుకుని నిలబడింది, నేనే తల దించుకున్నాను.

పెట్టెతోపాటు కంప్యూటరు కూడా వచ్చింది. బొంతలు చుట్టి, వ్యానులో నా ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాం. ఆ రోజు నుంచి నాకు బస్సూ రైలూ మారుతూ మా ఊరి నుంచే గూడెం వెళ్లే యోగం పట్టింది. అత్తయ్య మాత్రం వచ్చిన మర్నాడే కంప్యూటరు ముందు కూర్చుని నేను పెట్టిన టిక్కు తనే తీసేసింది. "నాకిప్పుడు అర్థమైందమ్మా. ఇది గంట కొడుతుంది. పాఠం మనమే చెప్పుకోవాలి" అంది. తర్వాత నాన్నని పిలిచి, "మీ ఇంటి బిల్లులన్నీ చెప్పు" అంది.

ఇక్కడ మా నాన్న పద్ధతి చెప్పాలి. ఆయన ఎవరికీ ఎగ్గొట్టే మనిషి కాదు. కానీ బాకీ వసూలుకి మనిషి కనీసం రెండుసార్లు రావాలి. మొదటిసారి కాఫీ, రెండోసారి భోజనం, ఆ తర్వాత డబ్బు. అడక్కముందే ఇచ్చెయ్యడమంటే అవతలి మనిషిని గుమ్మంలోంచి పంపెయ్యడమేనని ఆయన నమ్మకం. మా ఊళ్లో అందరిదీ ఆ నమ్మకమే. ఎరువుల కొట్టు, ట్రాక్టరు షెడ్డు, సొసైటీ, నీటితీరువా, కిరాణా, అన్నీ ఆ మర్యాద మీదే నడిచేవి. వాటన్నిటికీ అత్తయ్య తేదీలు వేసింది. పొద్దున్నే టింగుమనేది. నాన్న మంచం పక్కన ఆవిడ చీటీ పట్టుకుని నిలబడి ఉండేది. "తమ్ముడూ, ఇవాళ ఎరువుల కొట్టు."

అక్కకి ఎదురుచెప్పలేక నాన్న డబ్బు పట్టుకుని వెళ్లాడు. కొట్టాయన ముందు డబ్బు ముట్టుకోలేదు. చేతులు జోడించి, "ఏవండీ, నావల్ల ఏదైనా తప్పు జరిగిందాండీ? ఖాతా ఇంకో కొట్టుకి మార్చేస్తున్నారా?" అన్నాడట. మర్నాడు ట్రాక్టరు షెడ్డు. ఆ తర్వాత కిరాణా. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆయన బాకీలన్నీ వరసగా తీర్చేస్తున్నాడు. పొలం అమ్మేస్తున్నాడా? లేక డాక్టరు ఏదైనా చెప్పాడా? ఏలూరు నుంచి అక్కగారు కూడా పెట్టెతో సహా వచ్చేసిందంటే చిన్న సంగతి కాదు.

ఆదివారం మేము ఇంకా కాఫీలు తాగుతుండగానే జనం రావడం మొదలైంది. ఒకాయన కొబ్బరిబోండాలు తెచ్చాడు, ఒకావిడ బత్తాయిలు తెచ్చింది. కిరాణా ఆయన నాన్న చెయ్యి పట్టుకుని, "మీ బాకీ ఎక్కడికి పోతుందండీ? ముందు ఒళ్లు చూసుకోండి" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చివరికి పాస్టరుగారు వచ్చి, నాన్న ఎంత చెబుతున్నా వినకుండా, నెత్తిన చెయ్యి పెట్టి స్వస్థత కోసం ప్రార్థన చేశారు. నాన్న కళ్లు మూసుకుని కూర్చున్నాడు గానీ పళ్లు కొరుకుతున్న చప్పుడు నాకు వినిపించింది. (అమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. అత్తయ్య మాత్రం బత్తాయిలు ఎవరెవరు తెచ్చారో రాసుకుంటోంది, తిరిగి ఇవ్వాలి కదా.)

అందరూ వెళ్లాక నాన్న అక్క దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నేను బతికున్నానని ఈ ఊరు నమ్మాలంటే నేను బాకీ పడాలి. నువ్వు మీ ఇంటికెళ్లిపో."

"మాటిచ్చానురా. మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు."

"నువ్వు తీసుకోవద్దు. నేనే తిరిగిచ్చేస్తున్నాను. ఇంక ఎన్ని ఫ్యూజులు పీకినా నిన్ను రమ్మనను" అన్నాడు నాన్న. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "నీకక్కడే బావుంటుందక్కా. అది నాకూ తెలుసు. బావగారు పోయాక నువ్వొక్కదానివీ ఉంటావంటే భయమేసి అడిగాను" అన్నాడు.

అత్తయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంది. తమ్ముడి తలమీద చెయ్యి వేసి, "నాకూ భయమేసిందిరా. అందుకే గంట కొనుక్కున్నాను" అంది. ఆవిడ భయం గురించి మాట్లాడటం మేమందరం విన్నది ఆ ఒక్కసారే.

నాన్నే వ్యాను మాట్లాడి దింపి వచ్చాడు. నా పాసింజరు నాకు తిరిగి దక్కింది. ఆ తర్వాత ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ ఇంటి కరెంటు పోయిందంటే ఏరియా మొత్తం పోయినట్టే. గంట మోగేది, ఆవిడ గొడుగు తీసుకుని బయల్దేరేది, కట్టి వచ్చాకే కంప్యూటరుకి చెప్పేది. వరసలో పాత శిష్యులు ముందుకి రమ్మంటే, "వరసంటే వరసే నాయనా" అనేదట. ఆ ఇంట్లోనే, అనుకున్నట్టే, ఎవరి దగ్గరా కాకుండా తన దగ్గర తనే ఉండి వెళ్లిపోయింది. అత్తయ్యని ఏలూరులో నిలబెట్టింది నా సాఫ్ట్‌వేరేనని నేను ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. నాన్న కూడా దాన్ని ఏనాడూ కాదనలేదు, ఎలా నిలబెట్టిందన్న వివరాల్లోకి వెళ్లలేదంతే.

ఇప్పుడు నా బిల్లులన్నీ ఫోనే నిజంగా కట్టేస్తుంది. అయినా నాకు నమ్మకం కుదరదు. అవతలివాళ్లకి అందిందో లేదో ఒకసారి చూసుకుంటేగానీ కాఫీ దిగదు. మా అమ్మాయి నవ్వుతుంది. ఈ మధ్య అది హాస్టలుకి వెళ్లింది, మా ఆయనకి వేరే ఊరు బదిలీ అయింది. సంగతి తెలిసి ఊళ్లో ఉన్న మా తమ్ముడు ఫోను చేశాడు. అచ్చం నాన్న గొంతే. "ఒక్కదానివీ అక్కడెందుకక్కా? మనింటికొచ్చెయ్. నేను లేనా?" అన్నాడు. మనసు నిండిపోయింది. వస్తానురా, అయితే ముందు మీ ఇంటి బిల్లులు, వాటి తేదీలు అన్నీ రాసి పంపమన్నాను.

చూస్తాలే అక్కా అని ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత కూడా వాడు వారానికోసారి ఫోను చేస్తూనే ఉన్నాడు. వానల గురించి, చేపల ధర గురించి, పిల్లల చదువుల గురించి ఎంతో ప్రేమగా మాట్లాడతాడు. రమ్మని మాత్రం మళ్లీ అనలేదు.